ఒకే చెక్క మీద రెండు రాతలు

మద్రాసులో (చెన్నై అని రాయాలి, నా చేతికి ఇంకా అలవాటు కాలేదు) ఒక వేలం సంస్థవారు ఆదివారం పాటకు ముందు ఇచ్చిన అచ్చు జాబితాలో 114వ అంశం ఇది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో పెడుతున్నాను: "గోడ గడియారం. అమెరికా, పందొమ్మిదో శతాబ్దం చివరిభాగం. ఎనిమిది పలకల ముఖం, కింద లోలకపు అర. ఎనిమిది రోజుల కీ, గంట కొట్టును. లోపల తయారీదారుల అసలు కాగితం పదిలంగా ఉన్నది. లోపాలు: ముఖం మీద రంగు అక్కడక్కడ లేచినది, లోపలి చెక్క మీద ఏదో దేశభాషలో పెన్సిల్ గీతలు."

ఆ గీతలు మా తాత రాసినవి. ఆ దేశభాష తెలుగు.

మదురైకి పడమట, తేని వెళ్ళే దారిలో మా ఊరు. తాత 1931లో పత్తి బేరం మీద మద్రాసు వెళ్ళి, దేశం విడిచి పోతున్న ఒక దొర ఇంటి సామాన్ల వేలంలో ఈ గడియారాన్ని పాడుకొచ్చాడు. కాబట్టి అది మా ఇంటికి వచ్చిందీ వేలం దారినే, పోయిందీ వేలం దారినే. ఆ ముక్క దాచి నేను వాదించబోవడం లేదు. లోలకం వెనక చెక్క మీద మొదటి పంక్తి ఆ కొనుగోలు సంగతే: ప్రజోత్పత్తి సంవత్సరం, దొర పేరు, ఆయన కాపురమున్న వీధి పేరు, 22 రూపాయలు. ఆ తరువాత ఇంట్లో పుట్టినవాళ్ళు, పోయినవాళ్ళు. తారణలో స్ప్రింగు తెగితే మదురైలో మార్పించిన ఖర్చు. "అమ్మ పోయింది, 13 దినాలు కీ ఇయ్యలేదు" అని ఒక పంక్తి. సర్వజిత్తులో ఆగస్టు 14 రాత్రి 12 గంటలు కొట్టేదాకా ఇల్లంతా మేలుకొనే ఉన్నట్టు ఒక పంక్తి. చిన్నప్పుడు నన్ను స్టూలెక్కించి తాత ఇవన్నీ చదివించేవాడు. నా అక్షరాభ్యాసం పలకమీద కంటే ఆ చెక్క మీదే ఎక్కువ జరిగింది.

ఇప్పుడు ఆ జాబితాను ఇంకోసారి చూడండి. ఒకే చెక్క. దానిమీద రెండు రాతలు. ఒకటి కంపెనీవాడు అచ్చు కాగితం మీద అంటించిన ఇంగ్లీషు: కీ ఎటు తిప్పాలి, ముల్లు వెనక్కి తోయకూడదు, లోలకం కింద మరను ఎలా తిప్పితే గడియారం నిదానిస్తుంది, ఇలాంటివి. అలాంటి కాగితాలు వేలాది గడియారాల్లో వేలాదిగా అంటించారు. అది గుణం. రెండోది ప్రపంచంలో ఇంకెక్కడా లేని రాత, ఒక ఇంటి నలభై ఏళ్ళ లెక్క. అది లోపం. చిరిగిన పట్టీ, లేచిన రంగు, తెలుగు: మూడూ ఒకే వరసలో.

నా కోపం గడియారం అమ్ముడుపోయినందుకు కాదు. ఈ ఒక్క మాట మీద.

"వాళ్ళు వ్యాపారులయ్యా, వాళ్ళకేం తెలుస్తుంది?" అంటారు మనవాళ్ళు. ఆ జాలి నాకు లేదు. పాతసామాన్ల వ్యాపారి అంత చదువరి ఇంకొకడుండడు. గుండ్రటి బల్లను తెచ్చి పెడితే టేపు పెట్టి రెండు వైపులా కొలుస్తాడు. చెక్క ఈనెకు అడ్డంగానే ఎక్కువ కుంచించుకుంటుంది గనక, నిజంగా వందేళ్ళ బల్ల అయితే గుండ్రం కాస్త తప్పి ఉండాలి. కచ్చితంగా గుండ్రంగా ఉంటే అనుమానిస్తాడు. సొరుగు బయటికి లాగి మూల అతుకులు చూస్తాడు. చేత్తో కోసిన పళ్ళు ఒకదానికొకటి సరిసమానంగా ఉండవు, మిషను కోసినవి ఉంటాయి. స్క్రూ విప్పి దాని తల మీది గాడి నడిమధ్యన ఉందా, పక్కకు జరిగిందా అని చూస్తాడు. కుర్చీని తలకిందులు చేసి అడుగున రంపం గీతలు నిలువుగా పడ్డాయా, వంపు తిరిగి పడ్డాయా అని చూస్తాడు. వంపు గీతలుంటే గుండ్రటి రంపం, అంటే యంత్రాల కాలం. గడియారం వెనక ఇత్తడి పలక మీద ఏనాటి మెకానిక్కో సూదితో గీకిన తేదీని భూతద్దం పెట్టి చదువుతాడు. ఇన్ని చదివేవాడికి, నాలుగు వేళ్ళ మేర ఎదురుగా ఉన్న పెన్సిల్ రాత మాత్రం గీతలుగా కనిపించింది. మద్రాసులో తెలుగు చదవగలవాడు దొరకలేదంటే నేను నమ్మాలా? ఆ వేలం హాలు ఎదుట టీకొట్టులో అడిగినా ఎవరో ఒకరు చదివి పెట్టేవారు.

పోనీ, వస్తువు ఎవరిదన్న సంగతితో వేలానికి పనిలేదా అంటే, అసలు వేలం బతికేదే దానిమీద. 1996 ఏప్రిల్‌లో న్యూయార్కులో సోదబీస్ వారు జాక్వెలిన్ కెన్నెడీ సామాన్లు వేలం వేశారు. అందులో మూడు పేటల ముత్యాల హారం ఒకటి. ముత్యాలు నకిలీవి, నకిలీవని జాబితాలోనే రాశారు. 500 నుంచి 700 డాలర్లు పలకవచ్చని అంచనా. 2,11,500 డాలర్లు పలికింది. ఆ డబ్బు గాజుపూసలకా ఇచ్చింది? ఒక మెడకు ఇచ్చింది. 2009 మార్చిలో అదే న్యూయార్కులో గాంధీగారి జెనిత్ జేబు గడియారం, కళ్ళద్దాలు, చెప్పులు, గిన్నె, పళ్ళెం కలిపి 18 లక్షల డాలర్లు పలికాయి. ఆ రకం జేబు గడియారం మరొకరిదైతే ఎవరు అడిగేవారు? కర్ణాటకలోని మనవాళ్ళకు ఇంకా దగ్గరి సంగతి: 1799లో శ్రీరంగపట్టణం పడ్డాక టిప్పు పడకగదిలోని కత్తిని సైన్యం మేజర్ జనరల్ బైర్డుకు బహూకరించింది. 2023 మేలో లండనులో అది కోటీ నలభై లక్షల పౌండ్లకు పైగా పలికింది. టిప్పు పేరే కాదు, బైర్డు పేరు కూడా దాని విలువలో భాగమే. ఎవడు ఓడిపోయాడు, ఎవడు పట్టుకుపోయాడు, ఆ తరువాత ఎవరి చేతికి వచ్చింది, గొలుసు తెగకుండా రాసి ఉంది గనక ఆ ధర. కొల్లగొట్టినవాడి పేరుకు ఉన్న విలువ, 22 రూపాయలు ఎంచి ఇచ్చి కొనుక్కున్నవాడి పేరుకు లేకపోయింది.

గొప్పవాళ్ళ సంగతి వేరు, పత్తి వ్యాపారి రాతకు ఎవరు డబ్బిస్తారు అంటారేమో. దానికి చండీగఢ్ కుర్చీలు జవాబు. 1950లలో ఆ నగరం కట్టేటప్పుడు ల కార్బూజియే బంధువు పియర్ జాన్రే పర్యవేక్షణలో ప్రభుత్వ కార్యాలయాలకు టేకు, పేము కుర్చీలు వేలసంఖ్యలో చేయించారు. వాటిల్లో కూర్చున్నది గుమాస్తాలు. పాతబడ్డాక కార్యాలయాల డాబాల మీద కుప్పగా పోసి, తుక్కు కింద వేలం వేశారు. విదేశీ వ్యాపారులు వచ్చి ఆ తుక్కు కొనుక్కుపోయారు. ఆ తరువాత పారిస్, లండన్, న్యూయార్కు వేలాల్లో ఒక్కొక్కటి లక్షల రూపాయలు పలికింది. 2011లో కేంద్ర హోంశాఖ వాటిని అమ్మకూడదని ఉత్తర్వు వేసింది, కానీ అప్పటికే పోయినవి పోయాయి. ఇందులో నాకు కావలసిన సంగతి ఒకటుంది. ఆ కుర్చీల వెనక కార్యాలయంవాళ్ళు దొంగతనం కాకుండా రంగుతో నెంబర్లు వేసేవారు: ఫలానా శాఖ, ఫలానా గది, ఫలానా సంఖ్య. మన ఆఫీసుల్లో బల్లలమీద ఇప్పటికీ ఉంటాయే, అలాంటి వికారపు తెల్లరంగు అంకెలు. విదేశీ జాబితాల్లో ఆ అంకెలను ప్రత్యేకంగా పేర్కొంటారు, వాటి ఫొటో వేరే వేస్తారు. అవి ఉంటేనే కుర్చీ అసలైనదన్న నమ్మకం. గుమాస్తా కుంచెతో వేసిన అంకె అక్కడ సాక్ష్యం. తాత పెన్సిలుతో రాసింది ఇక్కడ మురికి.

అయితే మన వస్తువుల ఊరూ పేరూ ఎక్కడ రాలిపోతాయి? వేలం హాలులో కాదు, అంతకు చాలా ముందే. ఇల్లు పడగొడుతున్నారని తెలిసి మొదట వచ్చేది పాతసామాన్లవాడు. మా వైపు కాయలాన్ కడై అంటాం, తెలుగులో మాట్లాడినా ఆ మాట తమిళమే. వాడు భోషాణాన్ని, పందిరిమంచాన్ని, గంగాళాన్ని ఒకే బేరంలో తోలుకుపోతాడు. వాడి దగ్గర కొన్న పెద్ద వ్యాపారికి అది ఏ ఊరిదో చెప్పడు. చెబితే పెద్ద వ్యాపారి రేపు నేరుగా ఆ ఊరే వస్తాడు గదా. పెద్ద వ్యాపారి వేలం సంస్థకు చెప్పడు, అదే భయం. వేలం సంస్థ కొనేవాడికి చెప్పదు. మర్యాదగా "ఒక పెద్దమనిషి ఇంటి సామాను" అని రాస్తుంది. ప్రతి చేతిలోనూ రహస్యమే లాభం. ఆ రహస్యానికి ఇంకో ఉపయోగం కూడా ఉంది. ఫలానా ఊరి ఫలానా ఇంటి మంచం మద్రాసులో ఇంత పలికిందని అచ్చయితే, ఆ ఊళ్ళో పక్కింటివాళ్ళు తమ మంచాన్ని కట్టెల ధరకు ఇవ్వరు. కారైక్కుడిలో మునీశ్వరన్ కోవెల వీధి కొట్లలోకి వెళ్ళి చూడండి: చెట్టినాడు ఇళ్ళ బర్మా టేకు స్తంభాలు, ద్వారబంధాలు, జపాను ఎనామిల్ గిన్నెల కేరియర్లు, రవివర్మ అచ్చుబొమ్మల పటాలు పేర్చి ఉంటాయి. ఏ ఇంటివని అడగండి. "పళయ వీడు సార్" అంటారు, పాత ఇల్లు అని. చెట్టియార్లకు అంత పేరుండీ ఆ గతి. మన సంగతి ఎవరడుగుతారు?

దీనికి తోడు పాలిష్ అనే పాపం ఒకటి. కొనగానే ఉప్పుకాగితంతో రుద్దించి, లక్క పూయించి, కొత్త పెళ్ళికొడుకులా నిలబెడతారు. మంచం పట్టె మీద ఎవరో చాకుతో చెక్కిన పేరు, బీరువా తలుపు లోపల చాకలి పద్దు, బియ్యప్పెట్టె మీద బొగ్గుతో వేసిన కొలతల గీతలు, అన్నీ ఆ రుద్దుడులో పోతాయి. మా గడియారానికి ఆ రుద్దుడు తప్పింది. కంపెనీ కాగితం చినుగుతుందని భయపడ్డారు, అంతే.

ఊరూ పేరూ అడగని బజారులో లాభపడేది నకిలీవాడు. ఇత్తడి గొట్టం పెట్టిన గ్రామఫోన్లు, కుక్కబొమ్మ స్టిక్కరుతో, ఎన్ని ఇళ్ళ ముందుగదుల్లో చూశారు మీరు? వాటిలో చాలావాటికి పెట్టె కొత్తది, గొట్టం కొత్తది, స్టిక్కరు కొత్తది. మోటారు ఒక్కటే ఏదో పాత చేతిపెట్టె గ్రామఫోనులోంచి ఊడదీసింది. గడియారాల్లోనూ ఇంతే: ఒకదాని పెట్టె, ఒకదాని యంత్రం, ఇంకోదాని ముఖం. ఆ వ్యాపారంలో దీన్ని ఇంగ్లీషులో "పెళ్ళి" అనే అర్థం వచ్చే మాటతోనే పిలుస్తారు. పెళ్ళి అన్నాక ఇరువైపులా గోత్రం అడగాలి గదా, అక్కడా ఎవరూ అడగరు. అసలుకు చరిత్ర లేకుండా చేస్తే అసలూ నకిలీ ఒకే ఎత్తు అవుతాయి. మా తాత రాత ఉన్న చెక్కకు మాత్రం ఎవడూ నకిలీ చేయలేడు. ఈ చిన్న లెక్క ఆ సంస్థవారికి ఎందుకు తట్టలేదో!

పాటలో జరిగే మోసాలను గురించి కూడా ఒక మాట. వ్యాపారులు ముందే కూడబలుక్కుని ఒకడిచేత మాత్రమే పాడించి, వస్తువు చవకగా కొట్టించుకుని, తరువాత తమలో తాము రెండో పాట పెట్టుకోవడం పాత విద్య. ఇంగ్లండులో 1927లోనే దానికి చట్టం చేయవలసి వచ్చింది. మన 1930 నాటి సరకుల అమ్మకపు చట్టం, 64వ సెక్షను, అమ్మేవాడి తరఫున దొంగపాట పాడి ధర పెంచితే కొన్నవాడు బేరం రద్దు చేసుకోవచ్చునంటుంది. మంచిదే. అంటే చట్టం ధరను కాపాడుతుంది. 1972 నాటి పురావస్తు చట్టం, 1976 నుంచి అమలులో ఉన్నది, వందేళ్ళు దాటిన వస్తువును దేశం దాటనివ్వదు. శిల్పాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు నమోదు చేయించుకోమంటుంది. మా గడియారానికి నమోదు అక్కరలేదు. అక్కరలేకపోవడమే మేలు. నమోదు అనగానే మనవాళ్ళు భయపడి, ఇంట్లో పంచలోహ విగ్రహముందన్న మాటే పైకి రాకుండా రాత్రికి రాత్రి అమ్ముకుంటారు. నేనడిగేది పోలీసు పని కాదు.

ఇంతదాకా అవతలివాళ్ళను తిట్టాను. ఇక మనవాళ్ళు.

గడియారం వేలానికి ఇచ్చింది మా పెదనాన్న కొడుకు, మా అన్న. ఊళ్ళో ఇల్లు పడగొట్టి, కోయంబత్తూరులో కొడుకు ఫ్లాటుకు మారుతూ, పెద్ద సామానంతా ఇచ్చేశాడు. జాబితా చూపించి నేను అరిస్తే ఆయన శాంతంగా అన్న మాట ఇది: "అదేమి రాత అని నాకేం తెలుసురా? నాకు చదవను రాదు గదా." నిజమే. మా ఇంట్లో తెలుగు నోటిదాకానే. ఆయన బడి తమిళం, ఆయన పిల్లల బడి ఇంగ్లీషు. నేను మద్రాసులో తెలుగు బడి ఉన్న వీధిలో పెరిగాను గనక నాకు వచ్చింది. 2006 చట్టం తరువాత తమిళనాడులో అల్పసంఖ్యాక భాషల చదువు సంగతి మీకు తెలిసిందే. ఆ తగవు ఇక్కడ తీయను. కానీ ఒప్పుకోవాలి: జాబితా రాసిన గుమాస్తాకూ మా అన్నకూ ఆ చెక్క మీద కనిపించింది ఒకటే. గుమాస్తా దాన్ని గీతలన్నాడు. అన్న ఆ మాట కూడా అనలేదు, గుడ్డతో తుడవబోయి పెన్సిలు పోలేదని ఊరుకున్నాడు. కొన్నవాడూ చదవలేక, అమ్మినవాడూ చదవలేక, నడుమ జాబితావాడిని ఒక్కడినే దోషి చేయడం నాకు ఒప్పదు. అయినా వాడిది వృత్తి. వృత్తిలో ఉన్నవాడు అడిగి తెలుసుకోవాలి.

మన సంఘాలవాళ్ళు ఇంకో రకం. ఉగాది సభలో శాలువా కప్పుకుని "పూర్వీకుల ఆస్తి అమ్ముకోవద్దు, మ్యూజియం కట్టాలి" అంటారు. ఏ ఊళ్ళో కడతారు? ఎవరు జీతమిస్తారు? మా పందిరిమంచం కింద నలభై ఏళ్ళు నడుం వంచి ఊడ్చింది మా వదిన. దాన్ని అమ్మకూడదని ఉపన్యసించింది కార్యదర్శిగారు. ఆయన ఇంట్లో స్పాంజి సోఫా. రెండు గదుల ఫ్లాటులో భోషాణం పెట్టుకోమని ఎవరికీ చెప్పే హక్కు మనకు లేదు. చెక్కకు చెదలున్నాయి, మనుషులకు అద్దెలున్నాయి. అమ్మండి. అమ్మడం తప్పు కాదు, మా తాతా కొన్నవాడే. దొర అమ్మకపోతే మాకు గడియారమే లేదు.

తప్పల్లా పేరు తీసేసి అమ్మడం. కొనేవాడు పేరు రాసుకోవడం అసాధ్యమేమీ కాదని రెండువందల ఏళ్ళ కిందటే మనవాళ్ళు చేసి చూపించారు. కల్నల్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఏలూరువాళ్ళు. దక్షిణదేశమంతా తిరిగి శాసనాలు, తాళపత్రాలు, నాణేలు పోగుచేశారు. తెల్లవాడి జీతానికే చేశారు, అందులో దాపరికం లేదు. కానీ కైఫీయత్తు తెరిస్తే మొదట కనిపించేది ఊరి పేరు. బొర్రయ్య 1803లోనే పోయాడు, మెకంజీ 1821లో పోయాడు. ఆ ఊళ్ళ పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇది ఒక పక్క. ఇంకో పక్క తంజావూరు పటాలు. రేకు బంగారం, రాళ్ళు పొదిగిన ఆ బాలకృష్ణుణ్ణి వేయనివారు లేరిప్పుడు. ఆ విద్యను పట్టుకుని ఉన్న కుటుంబాలు తంజావూరు, తిరుచ్చిలలో రాజులు, మదురైలో నాయుళ్ళు, ఇంట్లో తెలుగు మాట్లాడేవారు. వాళ్ళు పటం మీద సంతకం పెట్టేవారు కారు. పెట్టలేదు గనక జాబితాలో "తంజావూరు శైలి, పందొమ్మిదో శతాబ్దం" అని తేలిపోతుంది. అక్కడ జాబితావాణ్ణి ఏమీ అనలేం, రాత లేదు. మా గడియారంలో రాత ఉంది. ఉన్న రాతను కూడా లేనిదానితో సమానం చేశారు, అదీ నా ఫిర్యాదు.

కనుక అమ్మబోయేవారికి నేను చెప్పేది చాలా చిన్న పని. వస్తువు బండెక్కక ముందు దాన్ని తలకిందులు చేయండి. సొరుగులు లాగండి, తలుపు లోపల, వెనక చెక్క, అడుగుపలక చూడండి. ఎక్కడ రాత ఉన్నా ఫొటో తీయండి. మీకు చదవను రాకపోతే చదవగల ముసలివాళ్ళకు పంపండి. ఇప్పుడు ఫోనులో క్షణంలో పోతుంది. ఒక కాగితం మీద ఎవరు చేయించారు, ఏ ఊళ్ళో, ఏ వడ్రంగి, ఎవరు వాడారు, తెలిసినంత మట్టుకు తెలుగులోనూ ఇంకో భాషలోనూ రాసి, కవరులో పెట్టి, వస్తువుకు కట్టండి. మేకు కొట్టకండి. ఆ కవరు సంగతి జాబితాలో అచ్చు వేస్తేనే వస్తువు ఇస్తామని వేలంవాళ్ళతో రాయించుకోండి. వేస్తారు. ధర పెరిగే సంగతి వేయనంత అమాయకులు వాళ్ళు కాదు. మీ పేరు అక్కరలేదనుకుంటే ఊరి పేరన్నా వేయించండి. ఈ పత్రిక సంపాదకులకూ ఒక మనవి: నెలకు ఒక పేజీలో సగం ఇలాంటి రాతలకు ఇవ్వండి. మా కవితలు కొన్ని తగ్గితే లోకానికి నష్టం లేదు.

మా గడియారం ఏమైందో కూడా చెప్పాలి. పాటకు ముందురోజు సామాను చూడనిస్తారు. వెళ్ళి, లోలకపు అర తెరిచి, నోటుబుక్కులో ఎక్కించడం మొదలుపెట్టాను. పదకొండు పంక్తులయ్యేసరికి అక్కడి కుర్రవాడు వచ్చి, కొనేవాళ్ళు తప్ప మిగతావాళ్ళు అంతసేపు తెరిచి ఉంచకూడదని తలుపు మూశాడు. ఫొటో తీయనివ్వలేదు. మరునాడు నేనూ పాడాను. 12,000 దాకా పాడి ఆగిపోయాను, అంతకు మించి నా దగ్గర లేదు. ఫోనులో ఎవరో పాడుతున్నారు. 18,500కు కొట్టేశారు, దానిమీద సంస్థ కమిషను వేరే. కొన్నవారి పేరు చెప్పమంటే చెప్పకూడదన్నారు. నేను ఎక్కించుకున్న పంక్తులకు ఇంగ్లీషు, తమిళం అర్థాలు రాసి, ఆ చెక్కను దయచేసి రుద్దించవద్దని ఉత్తరం పెట్టి, కవరు వాళ్ళ బల్ల మీద ఇచ్చివచ్చాను. అందిందో లేదో జవాబు లేదు.

వారం తరువాత అన్న ఫోను చేశాడు. ఆయన మన్మథలో, అంటే 1955లో పుట్టాడు. ఏ గంటకు పుట్టాడో ఇంట్లో ఎవరికీ ఇప్పుడు గుర్తులేదు. "నాది ఉండిందా అందులో?" అని అడిగాడు. ఉండింది. చిన్నప్పుడు నేను చదివాను, కింది వరసల్లో ఎక్కడో. నేను ఎక్కించిన పదకొండు పంక్తులు తారణ దగ్గర ఆగిపోయాయి.

ఇప్పుడు అదే సంస్థ కొత్త జాబితా వచ్చింది. అందులో 62వ అంశం ఒక భోషాణం: టేకు, ఇత్తడి పట్టీలు, తాళం లేదు, "మూత లోపల దేశభాషలో చెక్కిన అక్షరాలు, కొంత అరిగినవి". తెలుగో, తమిళమో, కన్నడమో నాకు తెలియదు. సామాను చూడనిచ్చేది వచ్చే నెల మొదటి శనివారం, ఉదయం 10 నుంచి 5 దాకా. మద్రాసులో ఉన్నవాళ్ళు, కన్నడం చదవగలవాళ్ళయితే మరీ మంచిది, ఎవరైనా నాతో రాగలిగితే సంపాదకుల చిరునామాకు ఒక కార్డు ముక్క రాయండి. ఇద్దరం ఉంటే ఒకరు చదవవచ్చు, ఒకరు ఆ కుర్రవాడితో మాట్లాడుతూ ఉండవచ్చు.